కాల్చిన కుండలకు పెచ్చులు ఊడుతుంటే: మట్టిలోని సున్నపు రవ్వను ఎలా వదిలించుకోవాలి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. సొంతంగా తవ్వి తెచ్చుకున్న మట్టితో పాత్రలు చేసి 950 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చారు. బట్టీలోంచి తీసినప్పుడు ఒక్క నెర్రె లేదు, తట్టితే ఖంగుమన్నాయి. పది రోజులు తిరక్కుండానే అక్కడక్కడా గుండ్రటి పెచ్చులు లేచి ఊడిపోతున్నాయి. ఊడిన ప్రతి గుంట అడుగునా తెల్లటి చుక్క ఉంది, గోటితో గీరితే పొడిగా రాలుతోంది. మట్టి మీద వెనిగర్ వేస్తే నురగ వచ్చింది. అది చూసి ఎవరో ఈ మట్టి పనికిరాదు, పారేయమన్నారు. పారేయాలా, ఉప్పు కలిపితే సరిపోతుందా, ఇంకా ఎక్కువ వేడిలో కాల్చాలా అని అడిగారు.

ఇప్పుడే పారేయకండి. నురగ వచ్చినంత మాత్రాన మట్టి చెడ్డదని తేల్చేయడం తొందరపాటు. మట్టిలో సున్నం ఎంత ఉందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఆ సున్నం ఎంత లావు రవ్వగా ఉందన్నదే మొదటి ప్రశ్న. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతా జాగ్రత్తల్లో ఏది ఎందుకు పనిచేస్తుందో, ఏది చెయ్యదో మీకే తెలిసిపోతుంది.

మీరు చెప్పిన గుర్తులైతే అచ్చంగా సున్నానివే. సరిగ్గా ఆరని పాత్ర బట్టీలో పగలడం వేరే సంగతి. అది కాల్పు మొదట్లో, లోపలి నీరు ఆవిరయ్యే దశలోనే ధడేలుమని పగులుతుంది, ముక్కలు బట్టీలోనే దొరుకుతాయి, తెల్ల చుక్క ఉండదు. సున్నం అలా కాదు. బట్టీలో బుద్ధిగా ఉంటుంది. బయటికి వచ్చాక గంటల్లోనో, వారాల్లోనో, ఒక్కోసారి నెలల తర్వాతో బయటపడుతుంది. ఊడిన పెచ్చు గరాటు ఆకారంలో ఉంటుంది, గరాటు మొనలో తెల్ల రవ్వ ఉంటుంది. ఇదే పోలికతో వచ్చే ఇంకో దొంగ ఉన్నాడు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. వాడి సంగతి తర్వాత చెబుతాను.

లోపల జరిగేది ఇది. మట్టిలో ఉన్నప్పుడు ఆ రవ్వ కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి ముక్క. నత్తగుల్ల, ఆల్చిప్ప ముక్కలు కూడా అదే పదార్థం. చెరువుల్లో, వాగుల పక్కన తవ్విన మట్టిలో ఇవి ఎక్కువగా దొరుకుతాయి. మట్టి పొరల్లోనే గుళికలుగా గట్టిపడిన సున్నం కూడా ఉంటుంది. బట్టీ వేడి 650, 700 డిగ్రీలు దాటుతుండగా ఈ కార్బొనేట్ మెల్లగా విడిపోవడం మొదలుపెడుతుంది, 900 వచ్చేసరికి ఆ పని దాదాపు అయిపోతుంది. 100 గ్రాముల సున్నపురాయిలో 44 గ్రాములు కార్బన్ డయాక్సైడుగా ఎగిరిపోయి 56 గ్రాముల కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. ఇది నీళ్లు పోస్తే బుసబుసమని వేడెక్కే సున్నమే, వేరే ఏదో కాదు. దీనికి నీటి మీద విపరీతమైన ఆకలి. కుండ మీద ఎవరూ నీళ్లు పోయక్కర్లేదు, గాలిలో తేమ చాలు. కాల్చిన మట్టి గోడ నిండా సన్నటి రంధ్రాలే కాబట్టి తేమ నెమ్మదిగా లోపలికి పాకుతుంది. ఆక్సైడ్ తేమను తాగి హైడ్రాక్సైడ్ అవుతుంది. అలా మారినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది. చుట్టూ ఉన్నదేమో కాలి గట్టిపడిన మట్టి, అంగుళం కాదు కదా వెంట్రుకవాసి కూడా జరగదు. ఒత్తిడి పెరిగి పెరిగి, ఏ వైపు గోడ పలచగా ఉంటే ఆ వైపు పెచ్చును తోసేస్తుంది.

పది రోజుల ఆలస్యం ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. పైపొరకు దగ్గరగా ఉన్న రవ్వకు తేమ త్వరగా అందుతుంది, లోతులో ఉన్నదానికి ఆలస్యంగా అందుతుంది. పొడి వాతావరణంలో వారాలు ఆగిన పాత్ర ముసురు పట్టగానే పెచ్చులూడటం మొదలుపెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మరీ లోతులో ఉన్న రవ్వ పెచ్చు ఊడగొట్టలేక లోపలే చిన్న నెర్రె తెచ్చి ఊరుకోవచ్చు. అప్పుడు పైకి ఏమీ కనబడదు గానీ పాత్ర బలం తగ్గుతుంది, తట్టితే ఖంగుమనే మోత పోతుంది.

ఇక రవ్వ లావు. రవ్వ అర మిల్లీమీటరు కంటే చిన్నదైతే అది ఉబ్బినా పుట్టే శక్తి కొంచెమే, చుట్టూ ఉన్న రంధ్రాలు దాన్ని సర్దుకుంటాయి. పైగా అంత చిన్న రవ్వలో చాలా భాగం కాలుతున్నప్పుడే పక్కనున్న మట్టితో కలిసి కొత్త ఖనిజంగా మారిపోతుంది, ఉబ్బడానికి స్వేచ్ఛగా మిగిలే సున్నం తక్కువ. మిల్లీమీటరు దాటిన రవ్వ మాత్రం పెచ్చు లేపే ప్రమాదం ఎక్కువ. అందుకే మట్టి బరువులో 15, 20 శాతం దాకా సున్నం ఉన్నా అది పిండిలా మెత్తగా కలిసిపోయి ఉంటే పాత్రలు నిక్షేపంగా ఉంటాయి. ఐరోపాలో, పశ్చిమాసియాలో తగరం కలిపిన తెల్ల గ్లేజు, అంటే కాలాక గాజులా అతుక్కునే పూత, వేసే కుమ్మరులు శతాబ్దాల పాటు సున్నం బాగా ఉన్న మట్టినే ఏరికోరి వాడారు. ఆ మట్టి మీద గ్లేజు పగుళ్లివ్వకుండా అతుక్కుంటుందని వాళ్లకు తెలుసు. రంగులో కూడా తేడా కనిపిస్తుంది. మెత్తటి సున్నం ఎక్కువున్న మట్టిలో ఇనుము ఎర్రగా పండదు, లేత పసుపుగానో మీగడ రంగులోనో తేలుతుంది. దీనికి తలకిందులుగా, మిగతా అంతా శుభ్రంగా ఉన్న మట్టిలో బఠాణీ గింజంత నత్తగుల్ల ముక్క ఒక్కటి చాలు కుండ పాడు కావడానికి.

కాబట్టి వెనిగర్ పరీక్షను మీరు చేసినట్టు మట్టి మొత్తం మీద కాకుండా, జల్లించాక మిగిలిన రవ్వ మీద చేయాలి. అర కిలో ఎండిన మట్టి తీసుకుని నీళ్లలో నాననిచ్చి, పలుచగా కలిపి, 60 మెష్ జల్లెడలో వడపోయండి. 60 మెష్ అంటే కన్ను సుమారు పావు మిల్లీమీటరు. జల్లెడ మీద మిగిలిన ఇసుక, రవ్వ కడిగి ఒక తెల్ల పళ్లెంలో పరిచి వెనిగర్ పోయండి. ఏ రవ్వ మీద బుడగలు లేస్తాయో అది సున్నం. పళ్లెం అంతా నిశ్శబ్దంగా ఉండి, జల్లెడ కిందికి దిగిన మట్టి మాత్రమే నురగలు కక్కితే ఆ మట్టి గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. పళ్లెంలోనే బుడగలు వస్తే, ఎంత లావు రవ్వల మీద వస్తున్నాయో చూడండి, ఎన్ని ఉన్నాయో చూడండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మెగ్నీషియం కలిసిన సున్నపురాయి, అంటే డోలమైట్, వెనిగర్‌కు అంతగా స్పందించదు. అనుమానంగా ఉన్న గట్టి రవ్వను నూరి, ఆ పొడి మీద వేసి చూడండి. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది గానీ దానికి చేతి తొడుగులు, కళ్లజోడు, గాలి ఆడే చోటు కావాలి. పలుచన చేసేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఇంట్లో చేసుకునే పరీక్షకు వెనిగర్ సరిపోతుందని నా ఉద్దేశం.

కొందరు ఇక్కడే ఒక షార్ట్‌కట్ ఆలోచిస్తారు, మొత్తం మట్టినే యాసిడ్‌లో నానబెట్టి సున్నం కరిగించేద్దామని. వద్దు. లావు రవ్వ కరగాలంటే చాలా యాసిడ్, చాలా కాలం పడుతుంది. కరిగిన సున్నం కాల్షియం లవణంగా మట్టిలోనే ఉండిపోతుంది. దాన్ని కడిగి వదిలించుకోవడం పెద్ద పని, వదలకపోతే ఆరేటప్పుడు తెల్లగా పైకి తేలుతుంది, మట్టి సాగే గుణం కూడా మారిపోతుంది. చేత్తో ఏరడం కూడా అంతే సంగతి. ముద్ద పిసికేటప్పుడు వేలికి తగిలినవి తీసేయండి, మంచిదే, కానీ తగలనివే ఎక్కువ.

అసలు మందు జల్లెడే. దీన్ని ఓపిగ్గా చేస్తే మిగతా ఉపాయాలు చాలావరకు అక్కర్లేదు. తవ్వి తెచ్చిన మట్టిని ముందు పూర్తిగా ఎండనివ్వండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. సగం తడిగా ఉన్న గడ్డ నీళ్లలో వేస్తే రోజుల తరబడి గడ్డగానే కూర్చుంటుంది. ఎముకలా ఎండినదైతే నీళ్లు తగలగానే దానంతట అదే విచ్చుకుని కూలిపోతుంది. గడ్డలు చిన్న ముక్కలుగా కొట్టుకుని, నీళ్లున్న తొట్టిలో మట్టి వేయండి, మట్టి పూర్తిగా మునగాలి. ఒక రోజు కదపకుండా వదిలేయండి. నానకముందే కలిపితే గడ్డల చుట్టూ జిగురు పొర పట్టి లోపలికి నీరు పోదు.

తర్వాత బాగా కలిపి ఇంకా నీళ్లు పోసి పలుచన చేయండి. ఎంత పలుచన అంటే గోడకు వేసే పెయింటు కంటే కూడా పలుచగా. ఇప్పుడు జల్లెడ కంటే ముందు ఉచితంగా దొరికే సాయం ఒకటుంది, బరువు. కలిపి అర నిమిషం ఆగితే లావు ఇసుక, రాళ్లు, సున్నపు రవ్వలు అడుగుకు దిగిపోతాయి, సన్నటి మట్టి నీళ్లలోనే తేలుతుంటుంది. పైదాన్ని ఇంకో తొట్టిలోకి వంచుకుని అడుగుది వదిలేయండి. అడుగుదానిలో మంచి మట్టి కూడా కొంత ఉంటుంది కాబట్టి దానికి మళ్లీ నీళ్లు పోసి, కలిపి, ఇంకోసారి వంచుకోవచ్చు. మట్టి చిక్కగా ఉంటే ఈ పద్ధతి పనిచెయ్యదు, రవ్వలు మధ్యలోనే ఇరుక్కుపోతాయి. వంచుకున్నదాన్ని ముందు 20 లేదా 30 మెష్ జల్లెడలో, తర్వాత 60 మెష్‌లో వడపోయండి. 30 మెష్ కన్ను సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉంటుంది. అక్కడితో ఆగితే ప్రమాదం గీత మీద నిలబడ్డట్టే. 40 మెష్, అంటే 0.42 మిల్లీమీటర్లు, ఓ మోస్తరు భద్రం. 60కి వెళితే నిశ్చింత. 80 మెష్ కూడా వాడతారు గానీ దానికి పట్టే సమయానికి తగిన లాభం కనబడదు, గ్లేజుకైతే వేరే సంగతి. జల్లెడ మీద బ్రష్‌తో తుడవండి, చేత్తో గట్టిగా రుద్దితే తీగ సాగి ఒకచోట కన్ను పెద్దదైపోతుంది, అక్కడి నుంచి మీకు తెలియకుండానే రవ్వలన్నీ దిగిపోతాయి. వాడే ముందు జల్లెడను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసుకోండి.

వడపోసిన మట్టి నీళ్లను ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే పైన తేట నీరు నిలుస్తుంది. అది తీసేసి, మిగిలినదాన్ని గుడ్డలో వేలాడదీసో, గుడ్డ పరిచి దాని మీద పోసో ఆరబెట్టుకోండి. ప్లాస్టర్ పలకల మీద ఆరబెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఇందాక చెబుతానన్న దొంగ ఇక్కడే దూరతాడు. పాత ప్లాస్టర్ పలక అంచులు చిట్లి చిన్న ముక్కలు మట్టిలో కలుస్తాయి. ప్లాస్టర్ కాల్షియం సల్ఫేట్. తక్కువ వేడి కాల్పులో దానిలోని నీరు పోతుంది, తర్వాత మళ్లీ తేమ పట్టి ఉబ్బుతుంది, అచ్చం సున్నంలాగే పెచ్చు లేపుతుంది. వెనిగర్‌కు నురగ మాత్రం రాదు. గంటల తరబడి జల్లించి శుభ్రం చేసిన మట్టిని తీసుకెళ్లి పెళుసెక్కిన ప్లాస్టర్ మీద పోయడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పలక వాడాలనుకుంటే మధ్యలో గుడ్డ పరవండి, లోహపు రేకుతో గీరకండి, ప్లాస్టర్ ముక్క పడిందనిపించిన మట్టిని తిరిగి వాడే తొట్టిలో వేయకండి. అంత మట్టీ పారేయడమే చవక.

జల్లెడ వల్ల ఒక చిక్కు వస్తుంది. సున్నంతో పాటు మామూలు ఇసుక కూడా పోతుంది. అప్పుడు మట్టి మరీ జిగటగా మారి, ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుని, వంకర్లు పోయి చీలుతుంది. దానికి ఇసుకో, కాల్చిన పెంకు పొడో తిరిగి కలపాలి. ఇక్కడే శ్రమంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఇసుకలో గవ్వల పొడి ఉంటే సున్నాన్ని ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో వేసినట్టవుతుంది. సముద్రతీరపు ఇసుకైతే మరీ. కలిపే ముందు ఆ ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి. పెచ్చులూడిన మీ పాత కుండలనే దంచి పెంకు పొడి చేసుకుందామనుకుంటే వద్దు, అందులో కాలిన సున్నపు రవ్వలు అలాగే ఉంటాయి. మరీ తప్పకపోతే 60 మెష్ కిందికి దిగిన పొడి మాత్రమే వాడండి.

నీళ్లు తక్కువగా ఉన్నచోట ఎండిన మట్టిని దంచి పొడిగానే జల్లించవచ్చు. సున్నపు గుళిక గట్టిది కాబట్టి సమ్మెటకు లొంగక జల్లెడ మీద మిగులుతుంది, లొంగి పొడైనది కిందికి దిగినా నష్టం లేదు. ధూళి మాత్రం ఊపిరితిత్తులకు ప్రమాదం, మాస్కు లేకుండా ఆ పనికి దిగకండి.

ఇక మీ మూడో ప్రశ్న, ఎక్కువ వేడిలో కాల్చాలా అని. వేడికి రెండు గట్లున్నాయి, మీరు నిలబడింది సరిగ్గా నడి ఏట్లో. సుమారు 750 నుంచి 1000 డిగ్రీల మధ్య సున్నం పూర్తిగా కాలిపోతుంది గానీ మట్టితో కలిసిపోయేంత వేడి, సమయం దొరకవు. స్వేచ్ఛగా ఉన్న కాల్షియం ఆక్సైడ్ ఎక్కువగా మిగిలేది ఈ మధ్యలోనే. 950 అంటే అందులోదే.

ఒక గట్టు తక్కువ వేడి. 700 దాటకుండా, ఎక్కువసేపు నిలపకుండా కాలిస్తే కార్బొనేట్ చాలావరకు కార్బొనేట్‌గానే ఉండిపోతుంది, ఉబ్బే ప్రసక్తే రాదు. అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతపు కుమ్మరులు సుమారు 800 నుంచి 1600 మధ్య కాలంలో ఆల్చిప్పల పొడిని కావాలనే మట్టిలో కలిపి, తక్కువ మంటలో కాల్చి, దాంతోనే వంట కుండలు చేసుకున్నారు. సున్నం ఉన్న మట్టి పనికిరాదనే మాటకు ఇంతకంటే మంచి జవాబు లేదు. కానీ అంత తక్కువలో కాల్చిన పాత్ర మెత్తగా, నీరు పీల్చేలా ఉంటుంది. గ్లేజు వేయాలనుకుంటే ఈ దారి మూసుకున్నట్టే. కట్టెల మంటలో ఒక మూల 650, ఇంకో మూల 850 ఉండటం మామూలే కాబట్టి, వేడి కొలిచే సాధనం లేకుండా దీన్ని నమ్ముకోకూడదు.

రెండో గట్టు 1050 పైన. అక్కడ సున్నం చుట్టూ ఉన్న మట్టిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి కాల్షియం సిలికేట్లుగా మారుతుంది. ఒకసారి అలా మారితే ఇక తేమకు లొంగదు. పై వేడిలో ఓ గంట నిలిపితే ఇంకా మంచిది. అయితే ఈ మార్పు రవ్వ అంచు నుంచి లోపలికి నెమ్మదిగా పాకుతుంది. సన్నటి రవ్వ మొత్తం కరిగి కలిసిపోతుంది. రెండు మిల్లీమీటర్ల రవ్వకు మాత్రం చుట్టూ ఒక పెంకు కట్టి, నడిమధ్యన పచ్చి సున్నం అలాగే మిగులుతుంది. అంటే జల్లెడ పట్టకుండా వేడి మీద భారం వేస్తే సగం రోగమే నయమవుతుంది. ఇంకో హెచ్చరిక. సున్నం ఎక్కువున్న మట్టి వేడి పెరిగేకొద్దీ క్రమంగా మెత్తబడదు, కొంతదాకా గట్టిగా నిలబడి ఉన్నట్టుండి కూలిపోతుంది. 1100 దాకా బాగానే ఉన్న పాత్ర 1150కి బట్టీ అర మీద కరిగి కారిపోయి ఉండొచ్చు. ముందు చిన్న పలక ముక్కను చిల్లపెంకు మీద పెట్టి కాల్చి చూసుకోండి, బట్టీ అర పాడు కాకుండా ఉంటుంది.

ఉప్పు గురించి. ఇది గాలి కబురు కాదు, పనిచేస్తుంది. ఎండు మట్టి బరువులో అర శాతం నుంచి ఒక శాతం, అంటే కిలోకు 5 నుంచి 10 గ్రాముల మామూలు ఉప్పు, కలిపే నీళ్లలో కరిగించి వేయాలి. ఉప్పు ఉన్నచోట సున్నపు స్ఫటికాలు కాల్పులో ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవిగా, దట్టంగా తయారవుతాయి, తేమకు అంత తేలిగ్గా స్పందించవు. మట్టితో కలిసిపోవడానికి కూడా ఉప్పు తోడ్పడుతుంది. పాపువా న్యూగినీ తీరంలోని కుమ్మరులు మట్టిని సముద్రపు నీళ్లతో కలపడం వెనక ఉన్న కిటుకు ఇదే. లెక్క కూడా చక్కగా సరిపోతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, కిలో ఎండు మట్టిని ముద్ద చేయడానికి పావు లీటరు పైచిలుకు పడుతుంది, అంటే కిలోకు 9, 10 గ్రాముల ఉప్పు పడుతోందన్నమాట.

కానీ ఉప్పును మొదటి మందుగా నేను చెప్పను. పాత్ర ఆరేటప్పుడు ఉప్పు నీటితో పాటు పైకి వచ్చి, కాలాక తెల్లటి పొరలా నిలుస్తుంది. కొందరికి అది అందంగా ఉంటుంది, ఎర్రటి పాత్ర కావాలనుకున్నవాళ్లకు కాదు. కాల్పులో హైడ్రోక్లోరిక్ యాసిడ్ పొగలు వస్తాయి. ఆరుబయట కట్టెల ఆవానికి పర్వాలేదు, దూరంగా నిలబడితే చాలు. ఎలక్ట్రిక్ బట్టీ తీగలను, లోహపు భాగాలను అవి తినేస్తాయి, మూసిన గదిలో అయితే మనిషికీ మంచిది కాదు. ఎలక్ట్రిక్ బట్టీ ఉన్నవాళ్లు ఉప్పు జోలికి పోవద్దనే అంటాను. లావు రవ్వకు ఉప్పు కూడా అంతంతమాత్రమే.

ఇటుకల పనివాళ్ల దగ్గర ఇంకో ఉపాయం ఉంది. బట్టీలోంచి తీసిన వెంటనే ఇటుకలను నీళ్లలో ముంచేస్తారు. తేమకే పగిలేదాన్ని నీళ్లలో ముంచడమేంటని అనిపిస్తుంది. గాలి తేమతో సున్నం నెమ్మదిగా మారినప్పుడు ఇరుకు చోట గట్టి స్ఫటికాలు పెరిగి నెట్టుకొస్తాయి. ఒక్కసారిగా కావలసినన్ని నీళ్లు దొరికితే అది త్వరగా మెత్తటి పేస్టులా మారి, పక్కనున్న రంధ్రాల్లోకి జారి సర్దుకుంటుంది. మీరు చేయాలనుకుంటే పాత్ర చేత్తో పట్టుకోగలిగినంత గోరువెచ్చగా ఉన్నప్పుడే ముంచండి, అంతకంటే వేడిగా ఉంటే వేడి దెబ్బకే పగులుతుంది. పూర్తిగా మునగాలి. సగం మునిగిన పాత్రకు మిగతా సగం ఆవిరి తేమ పట్టి, తప్పించుకోవాలనుకున్నదే జరుగుతుంది. ఒక రోజంతా ఉంచి, తీసి, నీడన ఆరబెట్టండి. రెండు మూడు రోజులు అరలో పెట్టిన తర్వాత ముంచితే ప్రయోజనం తక్కువ, అప్పటికే తేమ పని మొదలుపెట్టి ఉంటుంది. చిన్న రవ్వలకు ఇది మంచి రక్ష. పెద్ద రవ్వ ఉంటే నీళ్లలోనే పెచ్చు లేస్తుంది. అదీ ఒకందుకు మేలే, కొన్నవాళ్లింట్లో కాకుండా మీ తొట్టిలోనే బయటపడింది కదా.

గ్లేజు వేస్తే కప్పేసుకుపోతుందని కొందరి భ్రమ. 1000, 1100 మధ్య కాల్చే గ్లేజు పాత్రల్లో లోపలి మట్టి ఇంకా నీరు పీల్చేదే. గ్లేజు లేని అడుగు అంచు నుంచి తేమ దూరుతుంది. నెలల తర్వాత గ్లేజుతో సహా పెచ్చు లేస్తుంది, ఆ ముక్క అంచులు గాజులా కోస్తాయి. ఆహారం వడ్డించే పాత్రలో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే అనుమానపు మట్టి అయితే మొదటి కాల్పు తర్వాత వెంటనే గ్లేజు వేయకుండా, నీళ్లలో రెండు గంటలు మరిగించి, రెండు వారాలు పక్కన పెట్టండి. ఏది పోవాలో అది పోతుంది. నిలిచినవాటిని బాగా ఆరనిచ్చి గ్లేజు వేసుకోండి. గ్లేజు కాల్పులో హైడ్రాక్సైడ్ 500 చిల్లర డిగ్రీల దగ్గర నీరు వదిలేసి మళ్లీ ఆక్సైడ్ అవుతుంది కాబట్టి, ఈ పరీక్ష నెగ్గడం పూర్తి హామీ కాదు. లావు రవ్వలున్న పాత్రలను ముందే ఏరేయడానికి మాత్రం ఇంతకంటే తేలిక దారి లేదు. 1200 పైన కాల్చి మట్టి గాజులా బిగుసుకుపోయే పాత్రలకు ఈ బెడద చాలావరకు ఉండదు, అక్కడ సున్నపు రవ్వ కరిగి చిన్న గుంటగానో, గాజు చుక్కగానో కనబడి ఊరుకుంటుంది. మీ మట్టి అంత వేడికి తట్టుకుంటుందని మాత్రం నేననుకోను.

ఇప్పుడు మీ దగ్గరున్న సరుకు సంగతి. ఇంకా కాల్చని పచ్చి పాత్రలుంటే మమకారం వదిలేసి, ఎండినవి ఎండినట్టే నీళ్లలో వేసి మళ్లీ మట్టి చేసుకుని జల్లించండి. కాల్చినవాటిలో పెచ్చులు లేవనివి ఉంటే మరిగించే పరీక్ష పెట్టండి. వాటినే 1080కి మళ్లీ కాల్చవచ్చా అంటే కాల్చవచ్చు గానీ, ఈపాటికి నీరు తాగి చల్లబడిన సున్నం కూడా ఆ కాల్పులో తిరిగి ఆకలి మీద లేస్తుంది, కథ మొదటికి వస్తుంది. కాబట్టి మళ్లీ కాలిస్తే బయటికి తీసిన రోజే నీళ్లలో ముంచి తీరాలి. వార్నిష్ పూస్తే ఆగుతుందా అంటే ఆగదు, ఆలస్యమవుతుంది అంతే. ఊడిన గుంటలో తెల్ల పొడి గీరేసి ఏదైనా నింపుకుంటే అలంకారానికి పనికొస్తుంది, తినే తాగే పాత్రకు పనికిరాదు.

తవ్వే చోటు కూడా ఒకసారి చూసుకోండి. పైపొరలో నత్తగుల్లలు, వేర్లు ఉండి, రెండు మూడు అడుగుల కింద మట్టి శుభ్రంగా ఉండటం ఉంది. దీనికి తలకిందులుగా, కింది పొరలోనే గుళికలు పేరుకుని ఉండటమూ ఉంది. ఒక్కో లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, విడివిడిగా కడిగి, మిగిలిన రవ్వ మీద వెనిగర్ వేసి చూస్తే ఒక పూటలో తేలిపోతుంది. ఏ పొరలో బుడగలు రాలేదో అక్కడి నుంచే తవ్వుకోండి, జల్లెడ పని సగం తగ్గుతుంది. అప్పుడు కూడా మొదటి విడతలో ఐదారు చిన్న పలకలు మాత్రమే చేసి, కాల్చి, సగం మరిగించి, సగం ఊరికే అరలో రెండు వారాలు ఉంచి చూడండి. పెద్ద పాత్రలు ఆ తర్వాతే మొదలుపెట్టండి.